పాత సింక్రో క్యాంపర్ బ్రేకులు: ఉన్నవి బాగుచేయించడమా, పెద్దవి వేయించడమా, వెనక కూడా డిస్కులా?

వ్యానగన్ సింక్రో కొన్నవాళ్లంతా ముందో వెనకో బ్రేకుల దగ్గరికే వస్తారు. మొదట ఇంజిను బలం చాలదని సుబారు ఇంజిను వేయిస్తారు. తర్వాత పెద్ద టైర్లు, రెండో బ్యాటరీ, నీళ్ల ట్యాంకు, పైన సామాను. అన్నీ చేరాక ఏదో ఒక కొండ దిగుతుంటే పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోతుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఇక్కడ కాలిఫోర్నియాలో మా స్నేహితుల మధ్య ఈ చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నా అభిప్రాయం నాకు గట్టిగానే ఉంది కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. ఇది ఫోక్స్‌వ్యాగన్ టి3 వ్యానుకి (అమెరికాలో దాని పేరే వ్యానగన్) ఫోర్ వీల్ డ్రైవ్ రూపం. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో స్టైర్-డైమ్లర్-పుఖ్ ఫ్యాక్టరీలో 1992 దాకా తయారైంది. అమెరికాకి 1986 నుంచి 1991 దాకా మోడళ్లు వచ్చాయి. ముందు చక్రాలకి లోపల గాలి సందులు లేని మామూలు డిస్కులు, వెనక డ్రమ్ములు, 14 అంగుళాల చక్రాలు. 16 అంగుళాల చక్రాలతో, పెద్ద బ్రేకులతో ఇంకో రకం యూరప్‌లో అమ్మారు గానీ అది అమెరికాకి రాలేదు. నూరు గుర్రాల బలం కూడా లేని ఇంజినుతో, అప్పటి బరువుతో, ఈ బ్రేకులు బండికి సరిపోయేవే.

ఇప్పుడు మన ముందున్న దారులు మూడు. ఉన్న బ్రేకుల్నే మొత్తం కొత్తగా చేయించడం ఒకటి. ముందు చక్రాలకి దక్షిణాఫ్రికా తరహా పెద్ద వెంటిలేటెడ్ (లోపల గాలి సందులున్న) డిస్కులు, పెద్ద కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కి పట్టే భాగాలు) వేయించడం రెండోది. వెనక డ్రమ్ములు తీసేసి అక్కడ కూడా డిస్కులు పెట్టించడం మూడోది.

ఎంచుకునే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మన సమస్య బండి ఆగకపోవడమా, కొండ దిగేటప్పుడు వేడెక్కడమా? ఈ వ్యానుకి ఏబీఎస్, అంటే చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాటు, లేదు. మంచి స్థితిలో ఉన్న పాత బ్రేకులే గట్టిగా తొక్కితే చక్రాన్ని లాక్ చేస్తాయి. చక్రం లాక్ అయ్యాక ఆగే దూరం టైరు చేతిలో, నేల చేతిలో ఉంటుంది. కంకర రోడ్డు మీద అయితే మరీను. అందువల్ల పెద్ద బ్రేకులు వేసినంత మాత్రాన ఒక్కసారి తొక్కినప్పుడు ఆగే దూరం పెద్దగా తగ్గదు. అవి ఆదుకునేది వేడి దగ్గర.

ఆ వేడి ఎంతో చూద్దాం. నీళ్లు, గ్యాసు, మనుషులు, సామానుతో బండి 2500 కేజీలు అనుకుందాం. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే బ్రేకులు మింగే శక్తి దాదాపు ఒక మెగాజూల్. డెత్ వ్యాలీలో టౌన్ పాస్ మీది నుంచి స్టవ్‌పైప్ వెల్స్‌కి దిగే రోడ్డు దాదాపు 1500 మీటర్ల ఎత్తు నుంచి సముద్ర మట్టానికి వచ్చేస్తుంది. అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 37 మెగాజూల్స్. అంటే 100 వేగం నుంచి ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది సార్లు ఆగినంత! గాలి, టైర్లు, ఇంజిను కొంత తీసుకుంటాయి. మిగిలిందంతా నాలుగు చక్రాల దగ్గర వేడి అవ్వాల్సిందే. ముందు డిస్కు ఒక్కోటి 5 కేజీల ఇనుము అనుకుంటే, 100 నుంచి ఒక్కసారి ఆగితేనే అది దాదాపు 150 డిగ్రీలు వేడెక్కుతుంది. చల్లారనివ్వకుండా మళ్లీ మళ్లీ తొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కొలరాడోలో పైక్స్ పీక్ దిగేటప్పుడు గ్లెన్ కోవ్ దగ్గర సిబ్బంది బండ్లను ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో బ్రేకుల వేడి చూస్తారు. ఎక్కువుంటే పక్కన నిలిపి చల్లారాకే పంపిస్తారు. అలాంటి థర్మామీటరు ఒకటి బండిలో ఉంచుకోమని అందరికీ చెప్తాను. చాలా చవక.

మొదటి దారి, అంటే ఉన్నవాటిని బాగుచేయించడం, వినడానికి చప్పగా ఉంటుంది. కానీ ఈ మూడింట్లో అసలు విషయమంతా అక్కడే ఉంది. "బ్రేకులు చాలట్లేదు" అని వచ్చే సింక్రోల్లో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం బ్రేకులు చిన్నవై కాదు, ముసలివై చాలనివి. బ్రేకు ఫ్లూయిడ్ వెళ్లే రబ్బరు హోసు ముప్పై ఏళ్లు దాటితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి దారి సన్నబడి ఉంటుంది. పెడల్ తొక్కితే ఒత్తిడి వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు. ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. కొండ దిగడం మొదలుపెట్టేసరికే ఆ చక్రం సగం వేడెక్కి ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. చదునైన రోడ్డు మీద బ్రేకు ఎక్కువ వాడకుండా కాసేపు నడిపి ఆపండి. నాలుగు చక్రాలూ థర్మామీటరుతో చూడండి. ముందు ఎడమ, ముందు కుడి దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా వేడిగా ఉంటే బండిని జాకీ మీద ఎత్తి, పెడల్ ఒకసారి తొక్కించి వదిలించి, ఆ చక్రాన్ని చేత్తో తిప్పండి. తిరక్కపోతే కాలిపర్ మీద బ్లీడర్ నిపిల్‌ని (ఫ్లూయిడ్‌లోంచి గాలి తీసే చిన్న మరని) కొద్దిగా వదులు చేయండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే హోసు మీద అనుమానపడాలి. అప్పుడూ బిగుసుకునే ఉంటే కాలిపర్ పిస్టనో, స్లైడ్ పిన్నులో పట్టేసినట్టు.

కొత్తగా చేయించేటప్పుడు సగం పని వద్దు. కొత్త డిస్కులు, కాలిపర్లు, హోసులు, వెనక షూలు, వీల్ సిలిండర్లు, వేడి తట్టుకునే సెమీ మెటాలిక్ ప్యాడ్లు. సస్పెన్షన్ ఎత్తు పెంచి ఉంటే చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు హోసు లాగినట్టు ఉండకూడదు, కొలిచి చూసుకోండి. ఫ్లూయిడ్ విషయంలో పిసినారితనం అసలు పనికిరాదు. డాట్ అంకెలు ఫ్లూయిడ్ రకాలు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఇవి 230, 155. డాట్ 5.1కి 260, 180. మరిగిన ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ నేలకి తగులుతుంది. రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చే మనిషి చిన్న బ్రేకులతోనైనా నిశ్చింతగా దిగుతాడు. అన్నట్టు డాట్ 5 వేరు, అది సిలికాన్. పేరు దగ్గరగా ఉందని 5.1కి బదులు అది పోయకండి.

ఈ దారికి ఇంకో పెద్ద లాభం ఉంది. పెద్ద బ్రేకుల కొత్త కిట్ల కంటే పాత సైజు ప్యాడ్లు, డిస్కులు దొరకడం చాలా తేలిక. యూటాలోని మోయాబ్ లాంటి ఊళ్లో ఇరుక్కుంటే ఈ తేడా తెలిసొస్తుంది.

ఇక పెద్ద బ్రేకులు. దక్షిణాఫ్రికాలో టి3ని 2002 దాకా తయారుచేశారు, ఆడి ఐదు సిలిండర్ల ఇంజిన్లు పెట్టారు. ఆ వేగానికి తగ్గట్టు పెద్ద ముందు బ్రేకులు వచ్చాయి. గాలి సందులున్న బరువైన డిస్కు కాబట్టి వేడి ఎక్కువ దాచుకుంటుంది, త్వరగా వదిలించుకుంటుంది. సుబారు ఇంజిను, పెద్ద టైర్లు ఉన్న బండికి ఇది సరైన పని. అసలు 185 ఆర్ 14 టైరు వ్యాసం సుమారు 65 సెంటీమీటర్లు. దాని బదులు 215/75 ఆర్ 15 వేస్తే 70 దాటుతుంది. అంటే అదే బ్రేకుకి పట్టు ఎనిమిది శాతం తగ్గినట్టే, దానికితోడు టైరు బరువు కూడా.

కానీ వీటికి కనీసం 15 అంగుళాల చక్రాలు కావాలి. ఇక్కడ చాలామంది మరిచిపోయేది స్టెప్నీ. ముక్కు కింద ట్రేలో ఉన్న పాత 14 అంగుళాల స్టెప్నీ ముందు చక్రం దగ్గర కాలిపర్‌కి తగులుతుంది, ఎక్కదు. వెనకది ముందుకి మార్చి దీన్ని వెనక వేద్దామంటే, చక్రాల సైజు తేడాతో విస్కస్ కప్లింగ్ (ముందు చక్రాలకి బలం పంపే, చిక్కటి ద్రవంతో పనిచేసే భాగం) అదే పనిగా తిరుగుతూ వేడెక్కుతుంది. పెద్ద స్టెప్నీ ఆ ట్రేలో పట్టదు, వెనక తలుపు దగ్గర స్టాండు కట్టించాలి. ఈ ఖర్చులన్నీ కిట్ ధరకి కలుపుకుని చూడండి.

మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకి నెట్టే సిలిండర్, సంగతీ ఉంది. పెద్ద పిస్టన్లకి ఎక్కువ ఫ్లూయిడ్ కావాలి కాబట్టి పాత సిలిండర్‌తో పెడల్ లోతుకి వెళ్తుంది. పెద్ద సిలిండర్ వేస్తే లోతు తగ్గుతుంది గానీ కాలికి బరువు పెరుగుతుంది. 3000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతమే కాబట్టి అక్కడ పెడల్‌కి బలం కలిపే వాక్యూమ్ బూస్టర్ సాయం కూడా తగ్గుతుంది. కిట్ అమ్మేవాళ్లు ఏ సిలిండర్ చెప్పారో అదే వేయించండి. కిట్ సింక్రోకా, మామూలు వ్యానగన్‌కా అన్నది కూడా ముందే అడగండి. మన బండికి ముందు చక్రాలకీ డ్రైవ్ షాఫ్టులు ఉంటాయి.

"అన్నా, ఎలాగూ ముందు మారుస్తున్నాం కదా, వెనక కూడా డిస్కులు వేసేస్తే పోదా?" అని ఒక తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకి పోతుంది, వెనక బ్రేకుల వాటా తక్కువ. అక్కడ పట్టు మరీ పెంచితే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోయే ప్రమాదం ఉంది. వాగులు దాటాక డిస్కు త్వరగా ఆరుతుంది, డ్రమ్ములో బురద ఇరుక్కుంటుంది, నిజమే. డ్రమ్ము విప్పి శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. నాకు ముఖ్యమైనది హ్యాండ్ బ్రేక్. క్యాంపర్ అంటే పిల్లలతో సహా అందులో పడుకునే బండి. వాలు మీద రాత్రంతా నిలబడాలంటే డ్రమ్ము పట్టే పట్టుని చాలా డిస్కు కిట్లలో వచ్చే హ్యాండ్ బ్రేక్ ఇవ్వలేదు.

కాబట్టి టైర్లు, ఇంజిను పాత లెక్కలోనే ఉంటే మొదటి దారే మేలు. సుబారు ఇంజిను, 27 అంగుళాలు దాటిన టైర్లు ఉంటే మొదటిది పూర్తిచేసి ముందు పెద్దవి వేయించండి, వెనక డ్రమ్ములు ఉంచండి. మోయాబ్ దగ్గరి షేఫర్ ట్రయల్ లాంటి మట్టి మలుపుల్లో మాత్రం మీకు ఏ బ్రేకులున్నా జి గేరు (సింక్రోలో మొదటి గేరు కంటే నెమ్మదైన గేరు) వేయండి, బ్రేకు ముట్టుకునే పని చాలావరకు తప్పుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని మన ఘాట్ రోడ్డు డ్రైవర్లు చెప్పేది తారు రోడ్డు మీద కూడా ఈ వ్యానుకి అక్షరాలా వర్తిస్తుంది.

ఏది వేయించినా కొత్త ప్యాడ్లతో నేరుగా కొండకి బయల్దేరకండి. ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి పూర్తిగా ఆపకుండా 10 దాకా తగ్గిస్తూ కొన్నిసార్లు చేసి, తర్వాత బ్రేకు తొక్కకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి. ఇంటికొచ్చాక చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూసుకోండి.