తిరుపతిలో హోమ్ లోన్ వాల్యుయేషన్: మొత్తం అనుభవానికి నాలుగు స్టార్లు

మా ఇల్లు ఎమ్మార్ పల్లి వైపు. పైన ఇంకో అంతస్తు వేసుకుందామని హోమ్ లోన్‌కి పెట్టాం, బ్యాంకు వాళ్లు తమ ప్యానెల్‌లో ఉన్న ఒక ఇంజనీర్ గారిని వాల్యుయేషన్‌కి, అంటే ఇల్లు ఎంత విలువ చేస్తుందో లెక్కగట్టడానికి, పంపారు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఎవరిని పంపాలన్నది బ్యాంకు చేతిలో ఉంటుంది, మీరు అడిగినా ఆయనే వస్తారని లేదు. కానీ ఇంత పద్ధతిగా చేసేవాళ్లు మన ఊళ్లో ఉన్నారని చెప్పాలి, అలాగే మనవైపు నుంచి ఏం సిద్ధంగా ఉంటే పని ఒక్క రాకతో తెమిలిపోతుందో కూడా చెప్పాలి.

ముందురోజే ఫోన్ చేసి టైమ్ అడిగారు, ఏమేం కావాలో వాట్సాప్‌లో పెట్టారు. రిజిస్టర్డ్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు స్థలం ఎవరెవరి చేతులు మారిందో చెప్పే పాత దస్తావేజులు), ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), అప్రూవ్డ్ ప్లాన్, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు. జిరాక్సులు చాలు, ప్లాన్ మాత్రం పెద్ద కాగితం మీద ఉన్నదే తీసి పెట్టండి, ఫోన్లో ఫొటో తీసిన దాంట్లో కొలతలు కనపడవు అన్నారు. వెనక పోర్షన్‌లో అద్దెకున్న పిల్లలకు చెప్పి ఉంచమన్నారు, మిద్దె తాళం కూడా. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, తాళం వేసిన గది ఒక్కటి ఉన్నా మళ్లీ ఇంకో రోజు రావాల్సిందే.

ఈసీ సంగతి ముందే చూసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్నవే దొరుకుతాయి. అంతకుముందు లావాదేవీలు కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి టైమ్ పడుతుంది. లీగల్ ఒపీనియన్ రాసే లాయర్ గారు కూడా అదే అడుగుతారు. మన ఊళ్లో హథీరాంజీ మఠం భూముల గొడవ ఎంత పాతదో తెలిసిందే కదా, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో లోన్‌కి పెట్టకముందే చూసుకుంటే మంచిది. అందులో ఉంటే వాల్యుయేషన్ ఎంత బాగా వచ్చినా ఫైలు కదలదు.

ఇక కొలతలు. మా దస్తావేజులో 40 అంకణాలు అని ఉంది. తిరుపతిలో అంకణం 36 చదరపుటడుగులు, నెల్లూరులో 72, అందుకే వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తికమక పడుతుంటారు. ఈయన అడగకుండానే 1440 చదరపుటడుగులు, 160 గజాలు అని పక్కన రాసుకున్నారు. లేజర్ మీటర్ పెట్టి చూశాక కూడా టేపు తీసి అసిస్టెంట్‌ని ఆ చివర నిలబెట్టి మళ్లీ కొలిచారు. తూర్పు పడమరలు 36 అడుగులు సరిగ్గా ఉన్నాయి, ఉత్తర దక్షిణాలు 40 ఉండాల్సింది 39 వచ్చింది. రోడ్డు పక్కన కాలవ కట్టినప్పుడు అడుగు అటు పోయింది. కాగితంలో ఉన్నది, నేల మీద ఉన్నది, రెండిట్లో ఏది తక్కువైతే అదే రాస్తానమ్మా అని మా అమ్మకు చెప్పారు. అంటే 39 అంకణాలు. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, ఆయన కాలవ అంచు, గోడ, టేపు అన్నీ చూపించి చెప్పారు కాబట్టి అడగడానికి ఏమీ లేకపోయింది.

హద్దుల దగ్గర ఇంకాస్త ఓపిక చూపించారు. దస్తావేజులో పడమర ఖాళీ స్థలం అని ఎవరి పేరో ఉంది, ఇప్పుడక్కడ మూడంతస్తుల హాస్టల్. ఆ హాస్టల్ అక్క వాళ్లు స్థలం ఎవరి దగ్గర కొన్నారో వాళ్ల లింక్ డాక్యుమెంట్‌లో చూసి, పేరు కలిసిందని నిర్ధారించుకున్నాకే ఫొటో తీశారు. మీ పక్కవాళ్లతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి, ఇలాంటప్పుడు వాళ్ల సాయం చాలా పనికొస్తుంది.

మిద్దె మీద మాకు ఒక రేకుల గది ఉంది, ప్లాన్‌లో లేదు. దాన్ని విలువలో కలపను, ఉందని మాత్రం రిపోర్టులో రాస్తాను అన్నారు. కట్టడం విలువ ఎలా కడతారో అడిగితే విసుక్కోకుండా చెప్పారు. ఆర్సీసీ (ఇనుము, కాంక్రీటుతో కట్టిన) ఇంటికి మామూలుగా 60 ఏళ్ల ఆయుష్షు వేసుకుని, చివర్లో మిగిలే విలువ కింద 10 శాతం పక్కన పెట్టి, మిగతాది ఏడాదికింత అని తగ్గిస్తారట. మా ఇంటికి 20 ఏళ్లు, అంటే కట్టడంలో 30 శాతం తగ్గినట్టే. స్థలం విలువ వేరుగా కడతారు, చుట్టుపక్కల ఈమధ్య ఎంతకు అమ్ముడయ్యాయో విచారించి. అందుకే వాల్యుయేషన్ కోసమని హడావుడిగా రంగులు వేయించడం దండగ. ఆ డబ్బుతో చెమ్మ పట్టిన గోడ, కారే పైపు బాగు చేయించుకోండి, ఫొటోల్లో పడేవి అవే.

మా అన్నయ్య వాళ్లకు వేరే బ్యాంకు నుంచి వచ్చినాయన కారు కూడా దిగకుండా బయటి నుంచే నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. విలువ తక్కువ వేశాడు, వెనక కట్టిన పోర్షన్ లెక్కలోనే లేదు. తర్వాత బ్యాంకు చుట్టూ తిరిగి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చింది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు హోమ్ లోన్‌కి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, 30 దాటి 75 లక్షల లోపైతే 80 శాతమే. రిపోర్టులో విలువ తగ్గితే లోన్ కూడా ఆ లెక్కన తగ్గుతుంది, ఆ తేడా మన చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. కాబట్టి వచ్చినవాళ్లు లోపలికి రాకపోతే, అయ్యా ఒక్కసారి లోపల కూడా చూడండి అని గట్టిగా అడగండి. విలువ ఎక్కువ వేయమని మాత్రం అడగొద్దు, అది తప్పు, పైగా మంచి ఇంజనీర్‌కి మన మీదే అనుమానం వస్తుంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఫీజు ఎంతో ముందు ఎవరూ చెప్పలేదు, లోన్ రాకపోయినా అది తిరిగి రాదన్న మాట కూడా డబ్బు కట్టాకే తెలిసింది. రిపోర్టు నేరుగా బ్యాంకుకే పోతుంది, ఇంజనీర్ గారిని కాపీ అడిగితే బ్యాంకులో అడగమన్నారు. రెండూ బ్యాంకు వైపు లోపాలే, ఆయనవి కావు. ఫైలు ఇచ్చే రోజే ఫీజు ఎంతో, కాపీ ఇస్తారో లేదో మేనేజర్ గారిని అడిగేయండి. తేదీ పెట్టుకునేటప్పుడు బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు మాత్రం వద్దు, ఆ రోజు ఊళ్లో ఎవరూ ఎక్కడికీ టైమ్‌కి చేరలేరు.