రాకీ పర్వతాల్లో వేసవి ప్రయాణం: పెద్ద ఆర్వీనా, క్యాంపర్ వ్యానా, కారేనా?

డెన్వర్‌లో బయలుదేరి రాకీ మౌంటెన్, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులు చూసుకుంటూ గ్లేసియర్ పార్కు దాకా వెళ్ళాలంటే అద్దెకు దొరికేవి ముఖ్యంగా మూడు: 25 అడుగుల క్లాస్ సి ఆర్వీ (వంటగది, పడకలు, బాత్రూం ఉండి, డ్రైవర్ సీటు పైన కూడా మంచం ఉండే ఇల్లులాంటి బండి), 20 అడుగుల క్యాంపర్ వ్యాన్, లేదా మామూలు కారు. కారైతే రాత్రికి క్యాబిన్ వెతుక్కోవాలి. చాలామంది ఎన్ని పడకలున్నాయో చూసి బండి తీసుకుంటారు. ఈ దారిలో ముందు చూడాల్సింది బండి పొడవు.

గ్లేసియర్‌లో గోయింగ్ టు ది సన్ రోడ్ మీద అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి సన్ పాయింట్ వరకు 21 అడుగుల పొడవు లేదా 8 అడుగుల వెడల్పు దాటిన బండిని వెళ్ళనివ్వరు. పొడవులో బంపర్లు, వెడల్పులో అద్దాలు కూడా లెక్కే. ఎత్తు 10 అడుగులు మించితే ఆ రోడ్డులో అన్నిటికన్నా ఎత్తైన చోటు లోగన్ పాస్ నుంచి పడమటికి దిగేటప్పుడు రోడ్డు మీదికి చొచ్చుకొచ్చిన బండరాళ్ళతో ఇబ్బంది. క్లాస్ సి ఈ మూడింటిలో ఏ కొలతకూ లొంగదు. దానితో వెళ్తే పార్కుకు దక్షిణంగా యూఎస్ 2 హైవే మీదుగా చుట్టి రావాల్సిందే. వ్యాన్ పడుతుంది కానీ కొన్ని మోడళ్ళు అంగుళాల తేడాతోనే పడతాయి. అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు టేపు పెట్టి కొలవండి. గ్రాండ్ టీటన్‌లోని మూస్–విల్సన్ రోడ్డులోకీ ఆర్వీలను రానివ్వరు. రాకీ మౌంటెన్ పార్కులో 12,183 అడుగులకు ఎక్కే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మాత్రం క్లాస్ సికీ తెరిచే ఉంటుంది.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. అంటే 10,000 అడుగుల దగ్గర మూడో వంతుకు కాస్త తక్కువ పోయినట్టే. నిండుగా సామానెక్కించిన క్లాస్ సికి ఇది బాగా తెలుస్తుంది. అయినా ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదం. బ్రేకు మీద కాలు అలాగే ఆనించి దిగితే బ్రేకులు కాలి పట్టు వదిలేస్తాయి. వాలు మొదలవకముందే టో/హాల్ మోడ్ (బరువు బండి కోసం గేర్లు మార్చే పద్ధతిని సర్దే బటన్) వేసి, తక్కువ గేరులో దిగుతూ, వేగం పెరిగినప్పుడు మాత్రం గట్టిగా ఒకసారి నొక్కి వదలాలి. జాక్సన్ నుంచి ఐడహో వైపు వెళ్ళే టీటన్ పాస్‌లో వాలు 10 శాతం. క్లాస్ సితో మొదటిసారి బయలుదేరినవాళ్ళు ఆ దారి మానుకోవడమే మంచిది.

ఇంధనం సంగతి: రానూపోనూ 2,000 మైళ్ళనుకుంటే, గ్యాలన్‌కు 9 మైళ్ళిచ్చే క్లాస్ సికి 222 గ్యాలన్లు, 16 ఇచ్చే వ్యాన్‌కు 125, 30 ఇచ్చే కారుకు 67. అద్దెలో మైళ్ళ చార్జీ, జనరేటర్ గంటల చార్జీ విడిగా ఉన్నాయేమో అడగండి.

ఇక వంట. క్లాస్ సికి అసలైన బలం ఇదే. 8,000 అడుగుల దగ్గర నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మూత పెట్టిన గిన్నెలో ఎంతసేపటికీ ఉడకదు, కుక్కర్ తీసుకెళ్ళాలి. పోపు పెట్టేముందు ఫ్యాన్ వేసి కిటికీ తీయకపోతే పొగ అలారం మోగుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇచ్చే 30 ఆంప్ కరెంటు కనెక్షన్ మీద ఏసీ, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ మూడూ కలిపితే బ్రేకర్ పడిపోతుంది. అందుకే గ్యాస్ పొయ్యి మీదే వండండి. నూనె గిన్నెలు కాగితంతో తుడిచాకే కడగాలి. జిడ్డు గ్రే ట్యాంకులో (సింకు, స్నానాల వాడిన నీళ్ళు చేరే ట్యాంకు) పేరుకుంటే వాసనతో పాటు, ఖాళీ ట్యాంకును కూడా సెన్సర్ నిండినట్టు చూపిస్తుంది. గంజి కూడా సింకులో వంచకండి. 30 గ్యాలన్ల గ్రే ట్యాంకు నలుగురి స్నానాలతో, గిన్నెలతో రెండు రోజుల్లోపే నిండుతుంది.

వ్యాన్‌లో ఇవన్నీ ఇంకా ఇరుకు. మంచినీళ్ళు 20 గ్యాలన్ల చుట్టుపక్కల ఉంటాయి, క్యాసెట్ టాయిలెట్ (కింది డబ్బాను బయటికి తీసి ఖాళీ చేసేది) అయిదు గ్యాలన్లే. నలుగురైతే రోజూ ఖాళీ చేసే పనే. సీటుబెల్టులు చాలా వ్యాన్లలో రెండే ఉంటాయి, పిల్లలున్నవాళ్ళు ముందు అది లెక్కపెట్టుకోండి.

ఇద్దరే వెళ్తే వ్యాన్‌కు మించింది లేదు. ఎక్కడ చూపు నిలిస్తే అక్కడి పార్కింగ్‌లో ఆపి టీ కాచుకోవచ్చు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్తే క్లాస్ సి మేలు. పెద్దవాళ్ళకు వెనక గది పడక ఇవ్వండి, డ్రైవర్ సీటు పైన ఉండే మంచానికి నిచ్చెనెక్కాలి కాబట్టి అది పిల్లలకే. బండిని రోజూ కదపకుండా ఒక్కోచోట మూడేసి రాత్రులు ఆపండి. ఎల్లోస్టోన్‌లో నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కొక్కటే. ఎలుగుబంట్ల వల్ల అక్కడ గుడారాలకు అనుమతి లేదు. గ్లేసియర్ చేరాక కాలిస్పెల్ విమానాశ్రయంలో రెండు రోజులకు చిన్న కారు అద్దెకు తీసుకుని లోగన్ పాస్ ఎక్కండి, లేదా ఆ రోడ్డు మీద తిప్పి చూపించే 1930ల నాటి ఎర్ర బస్సుల్లో సీట్లు ముందే తీసుకోండి. గోయింగ్ టు ది సన్ రోడ్డు పూర్తిగా తెరిచేది సాధారణంగా జూన్ చివర్లోనో, జూలై మొదట్లోనో కనుక పిల్లల సెలవులు మొదలవగానే పరిగెత్తకండి.

క్యాబిన్లు నెలల ముందే నిండిపోతాయి. అవి చేతికొస్తే మాత్రం, వంట మీద పట్టింపు లేనివాళ్ళకు కారే హాయి. ఆర్వీ తీసుకునేవాళ్ళు క్యాంప్‌సైట్ బుక్ చేసేటప్పుడు అక్కడ రాసిన గరిష్ఠ పొడవులో మీ బండి పడుతుందో లేదో చూశాకే డబ్బు కట్టండి.