తిప్పతీగ అని వేరే తీగ అమ్ముతున్నారు: కొనేముందు కాండం చూసుకోండి

‘వేపచెట్టు మీద పాకిన తిప్పతీగ’ అని ఆన్‌లైన్‌లో మామూలు కంటే ఎక్కువ ధరకు అమ్మిన అరకిలో ప్యాకెట్టు విప్పితే, ముక్కల్లో సగానికి పైగా తిప్పతీగ కాదు. బూడిద రంగు కాండం, ఒళ్లంతా బుడిపెలు. ఇవి టినోస్పోరా క్రిస్పా లక్షణాలు. మన తిప్పతీగ టినోస్పోరా కార్డిఫోలియా. రెండూ చేదే, రెండింటి ఆకులూ తమలపాకును పోలినవే. క్రిస్పా లాంటి పోలిక తీగలు హాని చేయవచ్చని 2022 ఫిబ్రవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ హెచ్చరించింది.

పచ్చి తీగ దొరికితే పరీక్ష సులువు. కాండాన్ని గోటితో గీకండి. తిప్పతీగకు కాగితం లాంటి పలుచని పొర ఊడి, కింద ఆకుపచ్చగా కనిపిస్తుంది. కోసినచోట పాలు కారవు. క్రిస్పాకు పాల లాంటి ద్రవం వస్తుంది. పండ్లు ఉంటే ఇంకా మంచిది: తిప్పతీగవి గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి, క్రిస్పావి కోలగా, నారింజ రంగులో ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ముదిరిన తిప్పతీగ మీద కూడా చిన్న చిన్న చుక్కలుంటాయి. అవి అక్కడక్కడా ఉంటాయి, చేత్తో నిమిరితే పెద్దగా తగలవు. క్రిస్పా బుడిపెలు దట్టంగా, మొద్దుగా లేచి వేళ్లకు గరగరా తగులుతాయి. అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా గీతలు కనిపించాలని అమ్మేవాళ్లు చూపిస్తారు. ఆ ఒక్క గుర్తునే నమ్మకండి, దగ్గరి జాతి తీగల్లోనూ అలాగే ఉంటుంది.

పొడి అసలు కొనవద్దు. దంచాక కాండమూ లేదు, బుడిపెలూ లేవు, కళ్లతో తేల్చే దారి లేదు. వేప మీద పాకిందా, కంచె మీద పాకిందా అన్నదీ అంతే, ప్యాకెట్టు మీది మాట తప్ప ఆధారం ఉండదు. తిప్పసత్తుతో ఇంకా జాగ్రత్త. పచ్చి తీగ దంచి, నీళ్లలో పిసికి, వడగట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఆరబెడితే వచ్చేది అది. కిలో తీగకు చాలా కొంచెమే వస్తుంది. చవగ్గా దొరికిందంటే మొక్కజొన్న పిండి కలిసిందేమోనని అనుమానించాలి. అయోడిన్ చుక్క వేసి చూడమంటారు గానీ ప్రయోజనం లేదు, అసలుదీ కల్తీదీ రెండూ పిండిపదార్థమే కాబట్టి రెండూ నీలంగానే మారతాయి.

ఆయుర్వేద ఔషధంగా అమ్మేదానిపై తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు చిరునామా చూసుకోండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఒక్కటే ఉంటే అది ఆహార లైసెన్సు, మందుకు కాదు.

అసలైనదే దొరికినా మోతాదుంది. మందుల ప్రమాణాలు చెప్పే ప్రభుత్వ గ్రంథం ఆయుర్వేద ఫార్మకోపియా పొడికి చెప్పింది 3 నుంచి 6 గ్రాములు. ఇమ్యూనిటీ పేరుతో నెలల తరబడి రోజూ గ్లాసుల కొద్దీ కషాయం తాగడం తగదు. ముంబైలో ఈ తీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న సంగతిని వైద్యులు 2021లో ప్రచురించారు. మొక్కను సరిగా గుర్తించలేదని ఆయుష్ శాఖ ఆ నివేదికను తప్పుపట్టింది. ఆ వాదన ఎలా ఉన్నా, కాలేయ జబ్బు, కొన్ని రకాల థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే) సమస్యలు ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, గర్భిణులు డాక్టరు చెప్పకుండా ముట్టవద్దు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకు చక్కెర మరీ పడిపోవచ్చు.

వాడుతుండగా ఆకలి మందగించినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లు దురద పెట్టినా ఆ రోజే ఆపేసి డాక్టరును కలవండి, కాలేయం స్థితి తెలిపే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ రక్తపరీక్షలు చేయించండి. ఏం తాగారో దాచకుండా చెప్పండి. మిగిలిన ముక్కలు పారేయకండి, ప్యాకెట్టుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ ముక్కలూ ప్యాకెట్టే తీగ గుర్తింపుకూ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదుకూ పనికొచ్చే ఆధారం.