లోక్ అదాలత్ సేవ: రాజీ పత్రం చదివాకే సంతకం

వంశధార ఎడమ కాలువ కింద మా కుటుంబానికి ఉన్న ఎకరా ముప్పై సెంట్ల పల్లం భూమి కోసం నాన్నగారు పెదనాన్నగారి మీద వేసిన పంపకం దావా తొమ్మిదేళ్లు నడిచి, శ్రీకాకుళం జిల్లాలోని ఒక కోర్టులో జరిగిన జాతీయ లోక్ అదాలత్‌లో ఒక్క పూటలో రాజీతో ముగిసింది. దావా నాలుగో ఏట పెదనాన్నగారు పోయారు. ఆయన స్థానంలో పెద్దమ్మను, అన్నయ్యను చేర్చడానికే కొన్ని వాయిదాలు గడిచిపోయాయి. మాలాగే వాయిదాలకు తిరుగుతున్న జిల్లా వాసులకు ఈ సేవ ఎంతవరకు పనికొస్తుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

లోక్ అదాలత్‌ను ఊరి పెద్దల పంచాయితీగా భావించకూడదు; ఇది తగాదాలను రాజీతో ముగించే చట్టబద్ధమైన వేదిక. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుంచి అమలవుతోంది. దాని కింద న్యాయాధికారితో పాటు న్యాయవాది, సామాజిక సేవకుడు వంటి సభ్యులు బెంచిగా కూర్చుంటారు. సివిల్ తగాదాలు, మోటారు ప్రమాద పరిహారాలు, చెల్లని చెక్కుల కేసులు, భరణం వివాదాలు, రాజీకి వీలున్న క్రిమినల్ కేసులు ఇక్కడికి వస్తాయి. ఇంకా దావా వేయని తగాదానూ తీసుకురావచ్చు. దీనికి ఫీజు లేదు. పైగా, దావా వేసినప్పుడు కట్టిన కోర్టు ఫీజు రాజీ కుదిరితే తిరిగి వస్తుంది.

మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. హాలు నిండా జనం, బల్లల మీద కేసు కట్టలు, ఒక్కో కేసుకు దొరికే సమయం తక్కువ. భూమిని సగం సగం చేసుకోవడానికి ఇరువైపులా ముందే ఒప్పుకోవడంతో రాజీ పత్రం టైపు చేసి ఉంచారు. దాన్ని చదివి వినిపించమని నేను అడిగితే, అక్కడున్న గుమస్తా అంతా మామూలేనని, సంతకాలు పెట్టేయమని అన్నారు. ఈ సేవలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇదే. తొమ్మిదేళ్లు ఆగిన మనుషులకు తాము దేనికి కట్టుబడుతున్నారో వినడానికి ఐదు నిమిషాలు ఇవ్వకపోవడం తప్పు.

అయితే బెంచి ముందుకు వెళ్లాక న్యాయాధికారి గారు పెద్దమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె మనసులో మాట అడిగారు. "నీళ్లు రాకపోతే ఆ సెక్క నానేటి సేసుకుంతాను బాబూ" అన్నది ఆమె. అప్పుడు పత్రం చూస్తే, పెద్దమ్మకు వచ్చిన దిగువ చెక్కకు నీరు ఎటు నుంచి పారాలో అందులో ఒక్క అక్షరం లేదు. ఆయన తెల్ల కాగితం ఇచ్చి అన్నయ్య చేత చేను బొమ్మ గీయించి, తూర్పు గట్టు వెంట మూడు అడుగుల వెడల్పు కాలువ ఎప్పటికీ ఇరువర్గాలకూ ఉమ్మడిగా ఉండాలన్న షరతు చేర్పించి, పత్రమంతా పైకి చదివించారు. ఆ వాక్యం లేకుండా సంతకం చేసి ఉంటే, వచ్చే వానాకాలానికి మరో తగాదా సిద్ధంగా ఉండేది.

ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం ఉంది. లోక్ అదాలత్ అవార్డు, అంటే రాజీని నమోదు చేసి ఇచ్చే ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం. దానిపై అప్పీలు లేదు. చాలా పరిమితమైన కారణాలతో హైకోర్టులో రిట్ (ప్రత్యేక పిటిషన్) వేయడం ఒక్కటే దారి. అదే సమయంలో, రాజీ కుదరనప్పుడు సొంతంగా తీర్పు చెప్పే అధికారం లోక్ అదాలత్‌కు లేదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. కనుక ఒప్పుకోమని ఎవరు తొందరపెట్టినా భయపడనక్కరలేదు. రాజీ కుదరకపోతే కేసు తన కోర్టుకే తిరిగి వెళ్లి, ఆగిన చోటి నుంచి నడుస్తుంది.

గట్టు, కాలువ, పంపకం వంటివాటిలో, రేపు మళ్లీ ఒకే పెళ్లి పందిట్లో కూర్చోవలసిన వాళ్లకు ఈ సేవను గట్టిగా సిఫారసు చేస్తాను. దొంగ వీలునామా పుట్టించిన చోట, బలవంతుడు బలహీనుడి భూమిని ఆక్రమించిన చోట మాత్రం రాజీ వెతకవద్దనే అంటాను. అక్కడ ఎవరిది న్యాయమో కోర్టు తేల్చి చెప్పవలసిందే, ఆలస్యమైనా సరే. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆడవారికి, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో పని లేకుండానే ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

అవార్డు ధ్రువీకృత ప్రతిని ఇరువర్గాలకూ ఉచితంగా ఇస్తారు. అది చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. కాలువ షరతు ఉన్న పేజీని అన్నయ్య ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాడు. ఈసారి ఉభాలకు (వరి నాట్లకు) ముందు ఇద్దరం చెరో కొస టేపు పట్టుకుని, ఆ మూడు అడుగులూ కొలిచి కర్రలు పాతాం.