సియాటిల్ పీ-ప్యాచ్ తోటలు: నగరం ఇచ్చే మడి, దాని వెనుక ఉన్న ఏర్పాటు

అపార్టుమెంటులో ఉంటూ కూరగాయలు పండించుకోవాలనుకునే సియాటిల్ వాసులకు అక్కడి నగర పాలక సంస్థ అందించే సేవ పేరు పీ-ప్యాచ్. నగరంలోని ఖాళీ స్థలాల్లో తోటలు ఏర్పాటు చేసి, వాటిని చిన్న మళ్లుగా విడదీసి, వార్షిక రుసుము మీద నివాసులకు సాగుకు ఇస్తారు. ఇటువంటి తోటలు ఇప్పుడు సుమారు 90 ఉన్నాయి. ఈ సేవను వాడుకుంటున్న తెలుగువాడిగా, కొత్తగా దరఖాస్తు చేయబోయే వారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మన ఊళ్లలో కాలనీ పార్కు స్థలంలో ఉమ్మడి తోట వేయాలని ఆలోచిస్తున్న సంక్షేమ సంఘాల వారు కూడా దీన్ని చదవాలని నా కోరిక, ఎందుకంటే ఈ సేవలో అన్నిటికంటే విలువైనది మడి కాదు, ఆ మడి చేజారిపోకుండా చేసుకున్న కట్టుబాటు.

ముందుగా వాడుకదారుకు దక్కేది ఏమిటో చెబుతాను. ఇంటికి దగ్గరలోని తోటను ఎంచుకుని నగర నైబర్‌హుడ్స్ శాఖకు దరఖాస్తు పెట్టుకుంటే నిరీక్షణ జాబితాలో చేరుస్తారు. వంతు వచ్చినప్పుడు సాధారణంగా 100, 200 లేదా 400 చదరపు అడుగుల మడి ఇస్తారు. రుసుము మడి విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. కట్టలేని వారికి సాయం చేసే ఏర్పాటు కూడా ఉంది. నీటికి వేరే బిల్లు రాదు. చాలా తోటల్లో పారలు, తోపుడు బండ్లు, నీటి గొట్టాలు ఉమ్మడిగా ఉంటాయి, కలుపును, ఎండుటాకులను వేసే కంపోస్ట్ తొట్లు కూడా ఉంటాయి. 100 చదరపు అడుగులు ఒక కుటుంబానికి వేసవి ఆకుకూరలకు చాలు గాని, అందులో ఒక్క ఆనప పాదు పెడితే మిగతా మొక్కలకు చోటుండదు.

నీటి ఏర్పాటును నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. సియాటిల్ అనగానే వాన గుర్తుకు వస్తుంది గాని ఆ వాన చాలావరకు చలికాలానిది. కాయగూర మొక్కలకు తడి తప్పనిసరి అయిన జూలై, ఆగస్టు నెలల్లో వారాల తరబడి చినుకు పడదు. ఉమ్మడి తోటకు ప్లాను గీసేవారు పూలమళ్ల అందం కంటే ముందు, చివరి మడి దాకా గొట్టం అందుతుందా, ఆ స్థలంలో రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడుతుందా అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. పెద్ద చెట్ల నీడ పడే మడిలో ఎంత ఎరువు వేసినా టమాటా కాయదు.

నిబంధనలు కఠినంగానే ఉంటాయి, అలా ఉండడమే మంచిది. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకూడదు. పండిన పంటను ఇంట్లో వాడుకోవచ్చు, పంచవచ్చు, పేదలకు ఆహారం అందించే ఫుడ్ బ్యాంకులకు ఇవ్వవచ్చు, కాని అమ్మకూడదు. అమ్ముకుని నాలుగు డాలర్లు సంపాదించుకోవలసిన వలస కుటుంబాలకు హై పాయింట్, న్యూ హాలీ గృహ సముదాయాల్లో మార్కెట్ తోటలు వేరుగా నడుస్తున్నాయి. ప్రతి మడిదారూ ఏటా కనీసం 8 గంటలు ఉమ్మడి పని చేయాలి: దారుల మీద చెక్క పొట్టు పరచడం, కంచె బాగుచేయడం, కంపోస్ట్ తిరగవేయడం వంటివి. మడిని పడావు పెడితే ముందు హెచ్చరిక వస్తుంది, ఆ తరువాత మడి మరొకరికి వెళుతుంది. ఈ చివరి నిబంధన కొందరికి కటువుగా అనిపించవచ్చు. జాబితాలో వేచి ఉన్న వారి వైపు నుంచి ఆలోచిస్తే ఇందులో అన్యాయం ఏమీ లేదు.

ఈ సేవ పుట్టుక 1970 నాటిది. వెడ్జ్‌వుడ్ ప్రాంతంలో పికార్డో అనే ఇటాలియన్ వలస కుటుంబం ఒకప్పుడు కూరగాయలు పండించిన పొలంలో కొంత భాగాన్ని, ఇరుగుపొరుగు పిల్లలూ పెద్దలూ కలిసి సాగు చేయడానికి విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక యువతి ఆ కుటుంబాన్ని అడిగి తీసుకుంది. బోయింగ్ సంస్థ వేల మందిని ఉద్యోగాల నుంచి తొలగించి, నగరంలో ఎన్నో ఇళ్లకు పూట గడవడం కష్టమైన కాలం అది. 1973లో నగర పాలక సంస్థ ఆ స్థలాన్ని తన చేతిలోకి తీసుకుని ఈ కార్యక్రమాన్ని ఆరంభించింది. పికార్డో తోట నేటికీ సాగులో ఉంది.

అన్ని తోటలకూ ఆ నిలకడ దక్కలేదు. 1974లో మొదలైన ఇంటర్‌బే తోట గోల్ఫ్ మైదానం కారణంగా రెండుసార్లు చోటు మారవలసి వచ్చింది. ఏళ్ల తరబడి కంపోస్ట్ కలిపి గుల్లబరిచిన నేలను వదిలిపోవడం ఎంత బాధో సేద్యం చేసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. మౌంట్ బేకర్ ప్రాంతంలో బ్రాడ్‌నర్ పార్కు స్థలానికి 1990ల నడుమ అంతకంటే పెద్ద ప్రమాదం వచ్చింది: ఇళ్ల కోసం ఆ భూమిని అమ్మాలని నగర యంత్రాంగం ఆలోచించింది. నివాసులు వేల సంతకాలు సేకరించి 42వ నంబరు ప్రజా ప్రతిపాదనను ముందుకు తెచ్చారు, దాన్ని 1997లో నగర మండలి చట్టంగా ఆమోదించింది. పార్కు భూమిని వేరే అవసరానికి మళ్లించాలంటే, అదే ప్రాంతంలో దానికి సమానమైన భూమిని సమకూర్చాలన్నది ఆ చట్టం సారాంశం. ఈనాడు ఆ ఎకరంన్నర పైచిలుకు స్థలంలో సాగు మళ్లతో పాటు పిల్లల ఆటస్థలం, నమూనా తోటలు, నీరు తోడే గాలిమర ఉన్నాయి. నగరానికి వచ్చే తెలుగువారు చూడవలసిన చోట్లలో దీన్ని నేను తప్పక చేరుస్తాను.

ఇక మన పంటల సంగతి. మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, బఠాణీ వసంతంలో చక్కగా వస్తాయి. అయితే జూన్‌లో పగలు దాదాపు 16 గంటలు ఉండడం వల్ల పాలకూర, కొత్తిమీర త్వరగా పూతకు వచ్చేస్తాయి, కనుక వాటిని ఏప్రిల్‌లోపే విత్తుకోవాలి. తోటకూర ఎండలు ముదిరాక వేయాలి. గోంగూరకు వెచ్చని రాత్రులు కావాలి, అక్కడ వేసవిలో కూడా రాత్రి ఉష్ణోగ్రత తరచుగా 15 డిగ్రీల లోపే ఉంటుంది. ఇంట్లో కిటికీ దగ్గర నారు పెంచి జూన్‌లో నాటి, నేల వేడెక్కేలా నల్ల ప్లాస్టిక్ పట్టా పరిస్తే పచ్చడికి సరిపడా ఆకు వస్తుంది, కాని గుంటూరు ఏపు ఆశించకూడదు. వంకాయ, బెండ ఇంకా కష్టం. చలికాలపు వానలకు నేలలోని సున్నం కొట్టుకుపోయి ఆమ్లగుణం పెరుగుతుంది, కాబట్టి మట్టి పరీక్ష చేయించి, అవసరమైన మేరకు సున్నం కలపడం మంచిది.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది నిరీక్షణ. జనసాంద్రత ఎక్కువైన ప్రాంతాల్లో వంతు రావడానికి ఏళ్లు పడుతుంది, సొంత పెరడు లేనివారు ఎక్కువగా ఉండేది కూడా ఆ ప్రాంతాల్లోనే. రెండోది, ప్రతి తోట బాగోగులూ అక్కడి స్వచ్ఛంద నిర్వాహకుల ఓపిక మీద ఆధారపడతాయి. చురుకైన నిర్వాహకులున్న తోటకూ, లేని తోటకూ తేడా గేటు దగ్గరే కనిపిస్తుంది. కంచెలు తక్కువగా ఉండడం వల్ల పండిన కాయలను ఎవరో కోసుకుపోవడం కూడా ఉంది. ప్రజల స్థలంలో తోట అందరికీ తెరిచి ఉండాలి కాబట్టి దీనికి పూర్తి పరిష్కారం నాకు కనిపించడం లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెద్ద లేఅవుట్లు వేసేవారు సాధారణంగా 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకు రిజిస్టరు దానపత్రంతో అప్పగించాలి. అటువంటి పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలంగాణ మునిసిపాలిటీల చట్టం, 2019 పచ్చదనం కోసం బడ్జెట్‌లో 10 శాతం కేటాయించాలని కూడా చెబుతుంది. భూమి ఉంది, చట్టం ఉంది. సంక్షేమ సంఘం విత్తనాలు కొనడానికి ముందే మునిసిపాలిటీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. తోట ఎన్నేళ్లు ఉంటుంది, నీటి కనెక్షన్ ఎవరి పేరున ఉంటుంది, మళ్లు ఏ వరుసలో ఇస్తారు, పడావు పడితే ఏమి చేస్తారు అన్న నాలుగు విషయాలు అందులో తప్పక ఉండాలి. పలుకుబడి ఉన్న నాలుగు ఇళ్లకే మళ్లన్నీ చేరితే, మిగతా కాలనీ ఆ తోటను కాపాడడానికి ముందుకు రాదు.

సియాటిల్‌లో ఉన్నవారికి నా సిఫారసు స్పష్టం: ఇల్లు మారిన వెంటనే దరఖాస్తు పెట్టండి. వంతు వచ్చేలోగా ఊరికే ఉండనక్కరలేదు. ఫుడ్ బ్యాంకుల కోసం పండించే ఉమ్మడి మళ్లలో పనికి అందరినీ రానిస్తారు. అక్కడ ఒక వేసవి గడిపితే ఏ తోటలో ఎండ బాగా పడుతుందో, ఏ మూల నీరు నిలుస్తుందో, మడి చేతికి రాకముందే తెలిసిపోతుంది.