బుడమేరు పోస్టులు దాచాలంటే: లింకులా, ఆర్కైవా, స్క్రీన్‌షాట్లా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తిన కథ పేపర్లలో కొంతే ఉంది. మిగతాదంతా జనం ఫోన్లలో ఉంది: మేడ మీది నుంచి తీసిన వీడియోలు, పాలప్యాకెట్లు తమ వీధికి రాలేదన్న పోస్టులు, పడవ ఎక్కడుందని అడిగిన కామెంట్లు. వీటిని విజయవాడలోని మా చిన్న లైబ్రరీలో స్థానిక చరిత్ర కింద చేర్చాలని మూడు దారులూ పట్టి చూశాను.

లింకుల జాబితా తేలిక. ఒక పూట కూర్చుంటే వంద తయారు. పెట్టినవారు తీసేస్తే మాత్రం చేతిలో మిగిలేది ఉత్త చిరునామా. యూట్యూబ్ ప్లేలిస్టులోనైతే తొలగించిన వీడియో పేరు కూడా కనిపించదు.

వెబ్ పేజీల నకళ్లు దాచే ఆర్కైవు వేబ్యాక్ మెషీన్. అది పేజీని, దాచిన తేదీతో సహా చూపిస్తుంది. వార్తల సైట్లకు అంతకు మించినది నాకు దొరకలేదు. ఫేస్‌బుక్ పోస్టు ఇస్తే మాత్రం చాలాసార్లు లాగిన్ పేజీని భద్రంగా దాచి చేతిలో పెట్టింది!

నా ఓటు స్క్రీన్‌షాట్‌కే, చీటీ జతచేస్తేనే. ఎవరు పెట్టారు, ఎప్పుడు, లింకు ఏది, మనం దాచినదెప్పుడు, అనుమతి ఉందా అన్నవి ఆ చీటీలో ఉండాలి. అది లేకపోతే ఏమవుతుందో ఒక వాట్సాప్ ఫొటో నేర్పింది. నడుములోతు నీళ్లు, సగం మునిగిన ఆటో. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన తేదీ, స్థలం వివరాలు మిగలవు. 2005లోనూ బుడమేరు ఊరి మీద పడింది కదా, ఇది ఏ వరద? పెద్దది చేసి చూడగా మూసిన షట్టరు మీద 5జీ రీఛార్జి ప్రకటన కనిపించింది. మన దేశంలో 5జీ మొదలైనది 2022 అక్టోబరులో. 2005ను కొట్టేశాను. ఇంతకే అరగంట పట్టింది.

సాయం కోరిన పోస్టుల్లో ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. పాఠకులకిచ్చే ప్రతిలో వాటిని చెరిపి, అసలుది బీరువాలో విడిగా ఉంచుతున్నాను.

అన్నీ దాచుదామనే ఆశ నాకు లేదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010లో బహిరంగ ట్వీట్లన్నీ దాచే పని తలకెత్తుకుని, 2018లో ఎంచినవే తీసుకునే పద్ధతికి మారింది. మా రిజిస్టరులో ఇప్పటికి 38 ఎక్కాయి. ఆ షట్టరు ఫొటో ఇంకా ‘వీధి తెలియదు’ అన్న కవరులోనే ఉంది.