మరపాచి జోడీ: బొమ్మలు సరే, బిల్లు ఇంకా బాగుంది

మా కోడలు ఈ దసరాకి తొలిసారి బొమ్మల కొలువు పెడుతోంది. మా వైపు పైమెట్టు మరపాచి జంటదే, అంటే కర్రతో చెక్కిన ఆడ, మగ బొమ్మల జత. తిరుపతిలో ఒక చిన్న చెక్కబొమ్మల కొట్లో జానెడు ఎత్తు ఎర్రచందనం జోడీ తీసుకున్నాం. 2,800 రూపాయలు. ఎక్కువే, కానీ సరుకు అసలైనది.

చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. ఇంటికొచ్చి బిందెలో వేస్తే బుడుంగున మునిగింది, చెట్టు నడిమధ్య గట్టి చేవ కర్ర మరి. పాలిష్ పడని అరికాళ్ల దగ్గర తడి దూదితో తుడిస్తే రంగు రాలేదు, స్పిరిట్ దూదికి మాత్రం ఎర్రగా దిగింది. పైపైన రంగేసిన కర్రలు చాలావరకు నీళ్లకే దొరికిపోతాయి. "వాసనే లేదేంటి?" అని మా ఆడపడుచు అనుమానం. వాసన శ్రీగంధానికి వదినా, దీనికి కాదు.

ఆడబొమ్మ జడ పాయలు ఉలితో ఒక్కొక్కటీ విడదీశారు, చూడముచ్చటగా ఉంది. మగాయన మొహం మాత్రం హడావిడిగా కానిచ్చారు, ముక్కు ఓ పక్కకి పోయింది. పంచెలూ చీరలూ మనమే కట్టుకోవాలి.

కొట్టాయన అడక్కముందే, కర్ర అటవీ శాఖ వేలంలో కొన్నదని కాగితం చూపించి, బిల్లు మీద 'ఎర్రచందనం' అని రాసిచ్చాడు. అంతకుముందు ఎక్కిన కొట్లో "బిల్లెందుకమ్మా, ఐదొందలు తగ్గిస్తా" అన్నారు. లేచి వచ్చేశాం. ఈ చెట్టు తనంతట తాను పెరిగేది శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, ఆ చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే. లోపల చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది, దొంగలకి కావలసిందీ ఆ చేవే. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని మళ్లీ అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. ఐదొందలకి ఆశపడి, ఏ రాత్రి ఎవరు నరికారో తెలియని దుంగని పైమెట్టెక్కించి హారతివ్వడం నా వల్ల కాదు.

అమెరికాలో ఉన్న కూతురికి ఇంకో జోడీ అడిగితే బిల్లిచ్చిన కొట్టాయనే వద్దన్నాడు. "ఎర్రచందనం దేశం దాటించాలంటే బోలెడు ఆంక్షలమ్మా, వేపకర్రవి పట్టుకెళ్లండి" అని లోపల్నించి తెచ్చి చూపించాడు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కినవట. ధర సగం కూడా లేదు. నిజం చెప్పొద్దూ, ముక్కులు వాటికే బాగా కుదిరాయి.